సొమ్ము ఇనుముది, సోకు నా పువ్వుది

మా ల్యాబ్‌లో పొటెన్షియోస్టాట్ (వోల్టేజీ పెట్టి కరెంటు కొలిచే యంత్రం) పెట్టిన బల్లకు ఎదురుగా గోడ మీద ఒక ఫొటో ఏడాదిన్నర పాటు ఉండేది. నేనే అంటించాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో తీసింది. సన్నటి రేకులు ఒకదాన్నొకటి హత్తుకుని అచ్చం ముద్దబంతి పువ్వులా ఉంటుంది. నికెల్ హైడ్రాక్సైడ్ పువ్వు. అడ్డంగా కొలిస్తే 3 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో దాన్ని తయారుచేశాను. నీటిని విడగొట్టడంలో అది బ్రహ్మాండంగా పనిచేస్తోందని పేపర్ కూడా రాశాను. పని జరుగుతున్న మాట నిజమే. చేస్తున్నది మాత్రం పువ్వు కాదు.

ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

మాది గోదావరిఖని. బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను హైదరాబాద్‌లో ఎలక్ట్రోక్యాటలిస్టుల మీద రీసెర్చ్ చేస్తున్నానని, నీళ్లలోంచి హైడ్రోజన్ తీసే పని అని చెబితే, "గ్యాస్ దేనికి బిడ్డా, సిలిండర్లకా?" అని అడిగాడు. కాదు, ముందు యూరియాకు అన్నాను. జవాబు మా ఇంటికి దగ్గర్లోనే ఉంది మరి. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ. పాతది బొగ్గుతో నడిచి 1999లో మూతపడింది. 2021లో మొదలైన కొత్తది సహజవాయువుతో నడుస్తుంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యం. యూరియాకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. ఆ హైడ్రోజన్‌ను సహజవాయువును ఆవిరితో కలిపి బాగా వేడిచేసి తీస్తారు. వెంట బోలెడంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. (అందులో కొంత మళ్లీ యూరియాలోకే పోతుంది, అది వేరే లెక్క.) అదే హైడ్రోజన్‌ను సోలార్ కరెంటుతో నీళ్లలోంచి తీయగలిగితే ఆ వాయువు మంట అక్కర్లేదు.

"కరెంటుకేం తక్కువ, ఎన్టీపీసీ చెరువు మీద పలకలు పరిచిండ్రు గదా," అన్నాడు. 2022 నుంచి పూర్తిగా నడుస్తున్న 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు సంగతి అది. "నీళ్లున్నయ్, కరెంటున్నది. ఇంకేంది లొల్లి?"

"బిల్లు," అన్నాను.

నీటిని కరెంటుతో విడగొట్టడం కొత్త విద్యేమీ కాదు. 1800లో వోల్టా బ్యాటరీ కబురు అందీ అందగానే లండన్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు ఆ పని చేసి చూపించారు. లెక్క ప్రకారం 1.23 వోల్ట్లు చాలు. చర్యకు కావలసిన వేడి కూడా కరెంటే ఇవ్వాలంటే 1.48. అక్కడ నడిపితే కిలో హైడ్రోజన్‌కు 39.4 యూనిట్లు ఖర్చవుతుంది. మన ఇంటి మీటర్లో తిరిగే యూనిట్లే. కానీ ఫ్యాక్టరీలో గ్యాస్ వేగంగా రావాలంటే వోల్టేజీ 1.8కో 1.9కో పెంచాలి. 1.9 దగ్గర కిలోకు 50 యూనిట్లు దాటిపోతుంది. ఒక్క 0.1 వోల్ట్ తగ్గించగలిగితే కిలోకు 2.66 యూనిట్లు మిగులుతాయి. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 కల్లా ఏడాదికి 50 లక్షల టన్నులు అంటోంది. ఆ లెక్కన 0.1 వోల్ట్ విలువ ఏడాదికి 1,330 కోట్ల యూనిట్లు. ఈ గుణకారం నేను ప్రతి ప్రజెంటేషన్‌లోనూ చేస్తాను. హాల్లో కునుకు తీస్తున్నవాళ్లు కూడా అక్కడ తల ఎత్తుతారు.

ఆ అదనపు వోల్టేజీకి మా వాడుకలో పేరు ఓవర్‌పొటెన్షియల్. దాంట్లో పెద్ద వాటా ఆక్సిజన్ పుట్టే వైపుది. హైడ్రోజన్ అణువు తయారవడానికి రెండు ఎలక్ట్రాన్లు మారితే చాలు. ఆక్సిజన్‌కు నాలుగు మారాలి, పైగా విడివిడిగా ఉన్న రెండు ఆక్సిజన్ పరమాణువులను జతకట్టాలి. ఆ జతకట్టే చోట సాయం చేసేదే క్యాటలిస్టు. ఆమ్లంలో నడిచే ఎలక్ట్రోలైజర్లలో, అంటే నీటిని విడగొట్టే యంత్రాల్లో, ఆ పనికి ఇరిడియం వాడతారు. ప్రపంచమంతా కలిపినా ఏడాదికి ఏడెనిమిది టన్నులకు మించి రాని లోహం అది. క్షారంలో నడిపితే నికెల్ సరిపోతుంది. నేను నికెల్‌తో పడ్డది అందుకే.

ఇక పువ్వు సంగతి. నికెల్ నైట్రేట్‌ను నీళ్లలో కరిగిస్తే పచ్చటి ద్రావణం వస్తుంది. అందులో కాస్త యూరియా (మా ఊరి సరుకే), ఒక కార్బన్ పేపర్ ముక్క వేసి, లోపల టెఫ్లాన్ గిన్నె ఉండే స్టీల్ ఆటోక్లేవ్‌లో బిగించి 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. ప్రెషర్ కుక్కరే, విజిల్ ఉండదు. యూరియా మెల్లగా విడిపోయి అమ్మోనియా వదులుతుంది, ద్రావణం క్షారమవుతుంది, నికెల్ హైడ్రాక్సైడ్ పేపర్ మీద రేకులు రేకులుగా పేరుకుంటుంది. మర్నాడు చల్లారాక తెరిస్తే లేత పచ్చ పూత. మైక్రోస్కోప్ కింద బంతిపువ్వు.

మా ఫీల్డ్‌లో అందరికీ ఏదో ఒక పువ్వు కనిపిస్తుంది లెండి. ఒకరికి గులాబీ, ఒకరికి చామంతి, ఇంకొకరికి సముద్రపు ముళ్లకాయ. పువ్వు కనిపించగానే వాక్యం దానంతటదే వచ్చేస్తుంది: ఈ ఆకారం వల్ల ఉపరితలం పెరిగింది, అందువల్ల పనితీరు పెరిగింది. నేనూ అదే రాశాను.

కొలవడం ఇలా ఉంటుంది. ఒక సెల్‌లో ఒక మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ పోస్తాం. ల్యాబ్‌లో అందరూ కేఓహెచ్ అంటారు. అందులో మూడు ఎలక్ట్రోడ్లు: పువ్వున్న కార్బన్ పేపర్, ఎదురుగా గ్రాఫైట్ కడ్డీ, పక్కన వోల్టేజీ ఎంతో సరిగ్గా చెప్పే మెర్క్యురీ-మెర్క్యురీ ఆక్సైడ్ రిఫరెన్స్. వోల్టేజీ మెల్లగా పెంచుతూ పోతే ఒక చోట నికెల్ ఆక్సీకరణ చెంది చిన్న గుట్టలాంటి పీక్ వస్తుంది. పచ్చ పూత నల్లబడుతుంది. ఆ తర్వాత కరెంటు నిటారుగా లేస్తుంది, బుడగలు మొదలవుతాయి. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీయాంపులు ఏ వోల్టేజీ దగ్గర వచ్చిందో చూసి, దాంట్లోంచి 1.23 తీసేస్తే మిగిలేదే ఓవర్‌పొటెన్షియల్. ఆ ఒక్క అంకె కోసమే అందరి పాట్లూ. "నీకెంత?" అంటే "మూడొందల పది" అని చెప్పుకుంటాం, ఎంసెట్ ర్యాంకుల్లా. తక్కువ ఉన్నవాడు గొప్ప.

నా మొదటి రీడింగ్ 360 మిల్లీవోల్ట్లు. పర్వాలేదనుకున్నా. ఊరికే ఉండలేక అదే ఎలక్ట్రోడ్‌ను రెండు వందల సైకిళ్లు తిప్పాను, అంటే వోల్టేజీ పెంచడం, తగ్గించడం, మళ్లీ పెంచడం. ప్రతి సైకిల్‌కూ గ్రాఫ్ కొద్దికొద్దిగా ఎడమకు జరుగుతూ వచ్చింది. 345, 320, 305, చివరికి 290. రాత్రి పదకొండున్నర. ల్యాబ్‌లో ఒక్కదాన్నే. వాడేకొద్దీ మెరుగయ్యే క్యాటలిస్టు! బాపుకు ఫోన్ చేద్దామని తీసి, టైం చూసి మళ్లీ పెట్టేశాను.

అప్పుడే ఇంకొకటి కూడా గమనించాను. నికెల్ పీక్ సైకిల్ సైకిల్‌కూ కుడివైపు జరుగుతోంది, చిక్కిపోతోంది కూడా. ఎందుకో ఆలోచించాల్సిన చోటు అదే. నేను దానికో పేరు పెట్టి వదిలేశాను, సర్ఫేస్ రీకన్‌స్ట్రక్షన్ అని. అర్థం కానిదానికి ఇంగ్లిష్‌లో పేరు పెడితే అర్థమైపోయినట్టే ఉంటుంది.

కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టాను. పేపర్ రాసి జర్నల్‌కు పంపాం. మూడో ఏడాది జూలైలో రివ్యూయర్ల ఉత్తరం వచ్చింది. ఒకరు బాగుందన్నారు. రెండో ఆయన మూడు కొత్త ఎలక్ట్రోడ్ల మీద రీడింగులు తీసి తేడా ఎంతుందో చూపించమన్నారు. వారం పని అనుకున్నా.

కొత్త ఎలక్ట్రోడ్ చేశాను. 365. రెండు వందల సైకిళ్లు తిప్పాను. 350 దగ్గర ఆగిపోయింది. ఇంకో ఎలక్ట్రోడ్. 352. ఇంకొకటి. 349.

ఇక అక్కడి నుంచి రెండు నెలలు నేను మనిషిని కాదు. మొదట అనుమానం రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ మీద. కొత్తది తెప్పించి సరిచూశాను, తేడా రెండు మిల్లీవోల్ట్లు. తర్వాత ఆటోక్లేవ్ మీద. ఓవెన్ లోపల థర్మామీటర్ పెట్టి చూస్తే డిస్‌ప్లే 120 అంటున్న చోట 117 ఉంది. అదే దొంగ అని సంబరపడి సరిచేసి మళ్లీ చేశాను. పువ్వు ఇంకా అందంగా వచ్చింది. రీడింగ్ 351. కార్బన్ పేపర్ కొత్త షీట్ కదా అని పాత షీట్ ముక్క కోసం డ్రాయర్లన్నీ వెతికాను. వానాకాలం, గాల్లో తేమ ఎక్కువ, అందుకేనేమో అని కూడా అనుకున్నాను. అమ్మ ఫోన్‌లో "దిష్టి తగిలింది, నిమ్మకాయ తిప్పెయ్" అంది. నవ్వాను కానీ, ఆ వారంలో ఎవరైనా నిమ్మకాయ చేతికిస్తే పొటెన్షియోస్టాట్ చుట్టూ తిప్పేసేదాన్నే.

మా గైడ్ మేడమ్ తొందరపెట్టే మనిషి కాదు. అదే ఎక్కువ టెన్షన్. ఒకరోజు నా రికార్డు పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, "పాత రీడింగులు చివరిసారి ఎప్పుడొచ్చాయి?" అని అడిగారు. మే 19. "కొత్తవి ఎప్పటి నుంచి?" జూలై 8. "మధ్యలో ల్యాబ్‌లో ఏం మారింది?" ఏమీ మారలేదు మేడమ్ అన్నాను. "ఏదో మారింది. నీకు తెలియదు, అంతే."

మారింది ఏమిటో మా ల్యాబ్ అటెండర్ అన్నకు తెలుసు. స్టోర్స్ రిజిస్టర్ ఆయన చేతిలోనే ఉంటుంది. నేను తేదీలు చెప్పగానే వేలు పెట్టి చూపించాడు. జూన్ 27: కేఓహెచ్ పాత డబ్బా అయిపోయింది, కొత్త డబ్బా తెరిచారు. "ఈసారి మంచి గ్రేడ్ వచ్చిందమ్మా, కాస్ట్‌లీది. పాత రకం స్టాక్ లేదన్నారు," అన్నాడు.

మంచి గ్రేడ్. అంటే ఇంకా శుభ్రమైనది. శుభ్రమైన దాంట్లో నా పువ్వు పనిచేయడం లేదు. మురికి ఉన్నదాంట్లో పనిచేసింది.

మెట్ల మీద కూర్చున్నాను కాసేపు.

మేడమ్‌కు చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. కంప్యూటర్‌లో ఒక పాత పేపర్ తెరిచి నా వైపు తిప్పారు. 1987, డెన్నిస్ కొరిగన్. ఆయన నికెల్ బ్యాటరీల మనిషి. నికెల్ ఎలక్ట్రోడ్‌లోకి రవ్వంత ఇనుము చేరినా ఆక్సిజన్ విపరీతంగా పుడుతుందని అప్పుడే రాసి పెట్టాడు. బ్యాటరీ వాళ్లకు అది తలనొప్పి, ఛార్జింగ్ కరెంటంతా బుడగల పాలవుతుంది కాబట్టి. మాకు కావలసిందే ఆ బుడగలు. 2014లో అమెరికాలోని ఒరెగాన్ యూనివర్సిటీలో బెచర్ గ్రూపు వాళ్లు దాన్ని మళ్లీ తవ్వి తీసి, మామూలు కేఓహెచ్‌లో మలినంగా ఉండే ఇనుమే నికెల్ పొరల్లోకి చేరుతోందనీ, దాన్ని పూర్తిగా తీసేస్తే నికెల్ హైడ్రాక్సైడ్ ఆక్సిజన్ తీయడంలో ఉత్త మొద్దు అనీ తేల్చారు. ఇనుము చేరేకొద్దీ నికెల్ పీక్ కుడివైపు జరుగుతుందని కూడా అందులోనే ఉంది. నేను ముద్దుపేరు పెట్టి వదిలేసిన ఆ పీక్.

2014 పేపర్ నా రిఫరెన్సుల జాబితాలో ఉంది. ఇరవై మూడో నంబరు. సారాంశం చదివి పెట్టేసుకున్నాను. ఈ ముక్క ఇక్కడ రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నారు మేడమ్. పాత డబ్బా రకం మళ్లీ తెప్పిస్తే రివ్యూయర్‌కు కావలసిన మూడు రీడింగులు వారంలో వచ్చేస్తాయి. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. "ఇనుము లేకుండా చేసి చూస్తాను మేడమ్," అన్నాను.

చెప్పినంత తేలిక కాదది. ఎంత ఖరీదైన కేఓహెచ్ కొన్నా అందులో కొంత ఇనుము ఉంటుంది. పైగా కేఓహెచ్ గాజును తింటుంది, తింటూ గాజులో ఉన్న ఇనుమును కలుపుకుంటుంది. అంటే నా గాజు సెల్, గాజు బీకరు, గాజు మెజరింగ్ ఫ్లాస్క్ అన్నీ దొంగలే. అన్నీ ప్లాస్టిక్‌లోకి మార్చాలి. స్టీల్ గరిట ముట్టకూడదు. స్టీల్ పట్టకారు కూడా.

శుద్ధి పద్ధతి మాత్రం భలే తమాషాగా ఉంటుంది, ముల్లును ముల్లుతోనే తీయడం. నికెల్ హైడ్రాక్సైడ్‌కు ఇనుమంటే అంత ఆకలి కదా, ఆ ఆకలినే వాడుకోవాలి. అయిదు తొమ్మిదుల శుద్ధత ఉన్న నికెల్ నైట్రేట్, అంటే 99.999 శాతం, దాదాపు 2 గ్రాములు తీసుకున్నాను. ఆమ్లంతో కడిగిన ప్లాస్టిక్ ట్యూబులో నాలుగు మిల్లీలీటర్ల అల్ట్రాప్యూర్ నీళ్లలో కరిగించి, 20 మిల్లీలీటర్ల కేఓహెచ్ పోశాను. పోసీ పోయగానే ట్యూబు నిండా పచ్చటి ముద్ద, గట్టిగా కలిపిన గోరింటాకులా. ఊపాలి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి, పైన తేరిన నీళ్లు ఒంపేయాలి. మూడుసార్లు కడగాలి. ఇక అసలు పని: శుద్ధి చేయవలసిన 50 మిల్లీలీటర్ల కేఓహెచ్‌ను ఆ పచ్చ ముద్ద మీద పోసి, పది నిమిషాలకు తగ్గకుండా ఊపి, మూడు గంటలు కదపకుండా ఉంచాలి. కేఓహెచ్‌లో ఉన్న ఇనుమంతా ఆ ముద్దకు పట్టుకుంటుంది. మళ్లీ తిప్పి, పైన తేరినదాన్ని మాత్రం ఒడుపుగా వేరే ట్యూబులోకి ఒంపుకోవాలి. అడుగున ఉన్నది రవ్వ కదిలి వచ్చినా మొదటికొస్తుంది.

మొదటిసారి ఒంపుతుంటే గ్లవ్‌లోకి ఒక చుక్క జారింది. కేఓహెచ్ వెంటనే మండదు. ముందు వేళ్ల మధ్య సబ్బులా జారుడుగా ఉంటుంది. ఆ జారుడు అప్పటికే చర్మం కరుగుతున్న జారుడు. కుళాయి కింద పావుగంట చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను, ఆ 50 మిల్లీలీటర్లూ సింకులో పోయాయే అని ఏడుపు.

నాలుగో ప్రయత్నానికి వంద మిల్లీలీటర్లు పోగయింది. సీనియర్ అన్న ఒకాయన దగ్గర పాత డబ్బాతో చేసిన ద్రావణం ప్లాస్టిక్ క్యాన్‌లో కొంత మిగిలి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. పాతది, కొత్తది, శుద్ధి చేసింది మూడింటి శాంపిళ్లూ పలచన చేసి ఐసీపీ-ఎంఎస్‌కు ఇచ్చాను, రవ్వంత లోహాన్ని కూడా కొలిచే ఇన్‌స్ట్రుమెంట్ అది. పలచన చేయకుండా ఇస్తే ఇన్‌స్ట్రుమెంట్ చూసే ఆయన ల్యాబ్ దాకా వచ్చి తిడతాడు. పాతదాంట్లో ఇనుము సగం పీపీఎం. లీటరుకు అర మిల్లీగ్రాము. కొత్తదాంట్లో దానికి పదో వంతు కూడా లేదు. శుద్ధి చేసినదాంట్లో ఇన్‌స్ట్రుమెంట్‌కు దొరకలేదు.

ఆ శనివారం పొద్దున్నే ప్లాస్టిక్ సెల్ బిగించాను. కొత్త పువ్వు, శుద్ధి చేసిన కేఓహెచ్. 420 మిల్లీవోల్ట్లు. రెండు వందల సైకిళ్లు తిప్పాను. 420కి పైనే ఉంది, దిగిరాలేదు. పీక్ ఉన్నచోటే ఉంది, అంగుళం జరగలేదు. నిన్నటిదాకా గోడ మీద మురిపించిన బంతిపువ్వు, రేకు చెక్కుచెదరకుండా, ఏ పనీ చేయకుండా కూర్చుంది.

తర్వాత మైక్రోపిపెట్‌తో ఇనుము నైట్రేట్ ద్రావణం ఒక్క చుక్క వేశాను, సెల్ మొత్తానికి ఒక పీపీఎం అయ్యేలా. వంద మిల్లీలీటర్లలో పదో వంతు మిల్లీగ్రాము ఇనుము. పాలల్లో తోడు వేయడం గుర్తొచ్చింది, కాకపోతే పాలు తోడుకోవడానికి రాత్రి పడుతుంది. ఇది పది నిమిషాలు. అయిదో సైకిల్‌కే గ్రాఫ్ కదిలింది. పీక్ కుడికి, కరెంటు ఎడమకు. బుడగలు దట్టమయ్యాయి. 380. 330. 300. మధ్యాహ్నానికి 285.

నిజం చెప్పాలంటే, ఆ రాత్రి పదకొండున్నరకు 290 చూసినప్పటి కంటే ఆ మధ్యాహ్నమే నాకు ఎక్కువ ఆనందమేసింది. ఈసారి ఏం జరుగుతోందో తెలిసి చూస్తున్నాను.

ఇంకొక్కటి మిగిలింది. పువ్వూ గివ్వూ ఏమీ లేని చదును నికెల్ పొర ఒకటి చేసి పాత కేఓహెచ్‌లో తిప్పాను. మొదట్లోనే చేయాల్సిన పోలిక అది. 300 వచ్చింది. పువ్వుకు 290. అంటే నేను పేపర్ మొత్తం పొగిడిన పువ్వు వాటా 10 మిల్లీవోల్ట్లు. మిగతాదంతా సొమ్మొకడిది సోకొకడిది.

జర్నల్‌కు మేడమ్, నేను కలిసి ఉత్తరం రాశాం. పేపర్ వెనక్కి తీసుకుంటున్నాం, పనితీరుకు కారణం మేం చెప్పింది కాదు, ఎలక్ట్రోలైట్‌లోని ఇనుము అని. ఎడిటర్ రెండు లైన్లలో థాంక్స్ చెప్పారు. రెండో రివ్యూయర్ ఎవరో ఇప్పటికీ తెలియదు. కనిపిస్తే టీ ఇప్పించాలి.

జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్‌కు) మార్చే కమిటీ అప్పటికే ఒకసారి వాయిదా పడింది. నెలకు 37,000 నుంచి 42,000 అవుతుంది, ఆ తేడా హైదరాబాద్‌లో రూమ్ అద్దెకు అక్కరకొస్తుంది. కమిటీలో ఒక పెద్దాయన నా స్లైడ్లన్నీ చూసి, "అయితే అమ్మా, నువ్వు కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదన్నమాట," అన్నారు. వెటకారం కాదు, మామూలుగానే అడిగారు. "లేదు సార్. 1987లోనే కనిపెట్టారు. నేను ఆలస్యంగా చదివాను," అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. అప్‌గ్రేడ్ ఇచ్చారు.

అన్నట్టు, పాత ద్రావణం ఇచ్చిన సీనియర్ అన్నకు ఈ కథంతా విన్నాక నిద్ర పట్టలేదట. ఆయనది హైడ్రోజన్ వైపు పని, ఆమ్లంలో, ప్లాటినం అక్కర్లేని కార్బన్ క్యాటలిస్టు. కానీ ఎదుటి ఎలక్ట్రోడ్‌గా వాడుతున్నది ప్లాటినం తీగ. ఆ తీగ నుంచి ప్లాటినం కొద్దికొద్దిగా కరిగి వచ్చి ఆయన కార్బన్ మీదే చేరుతోందేమోనని అనుమానం. తీగ తీసేసి గ్రాఫైట్ కడ్డీ పెట్టాడు. వారం పాటు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు నా పని ఇనుము మీదే. నికెల్, ఇనుము కలిసిన క్యాటలిస్టులు ఎంతోమంది చేశారు. అందులో అసలు పని చేసేది ఇనుమా, దాని పక్కనున్న నికెలా అన్న వాదన ఇంకా తెగలేదు. నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. ఎలక్ట్రోడ్‌లో చేరిన ఇనుము అక్కడే స్థిరంగా ఉండదు. పనిచేస్తూ చేస్తూ కరిగిపోతుంది, ద్రావణంలో ఇనుము ఉంటే మళ్లీ వచ్చి చేరుతుంది. 2020లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్లు ఈ రాకపోకలను చక్కగా చూపించారు. అంటే ద్రావణంలో ఆ రవ్వంత ఇనుము ఎప్పుడూ ఉండాలి. ఎంత ఉండాలి, ఎక్కువైతే ఎదుటి ఎలక్ట్రోడ్ మీద పేరుకుని హైడ్రోజన్ వైపు ఏం చెడగొడుతుంది, రాత్రి సోలార్ ఆగిపోయి పొద్దున మళ్లీ మొదలైతే ఆ ఇనుము ఏమవుతుంది. ప్రస్తుతం నా సెల్ రోజుకు పన్నెండు గంటలు నడిచి పన్నెండు గంటలు ఆగుతుంది, పలకల మీద ఎండలాగే. ఆగి మొదలైనప్పుడే ఎక్కువ ఇనుము పోతున్నట్టు నా రీడింగులు అంటున్నాయి. ఇంకా మూడు ఎలక్ట్రోడ్ల మీద చూడాలి.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఇదంతా బాపుకు చెప్పాను. పువ్వు సంగతి, డబ్బా సంగతి, ఇనుము చుక్క సంగతి. ఓపిగ్గా విన్నాడు. విని, పెరట్లో బోరు కుళాయి కింద బండ వైపు చూపించాడు. ఎర్రగా చిలుము పట్టి ఉంది. "మన బోరు నీళ్లల్ల ఇనుము కుప్పలు గదా. గవే పోసుకుంటే అయిపాయె."

నవ్వాను. తర్వాత రెండు లీటర్ల ప్లాస్టిక్ బాటిల్ కడిగి నింపుకున్నాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ "గోదావరి జలమా?" అని అడిగింది. ఔననలేదు, కాదనలేదు.

ల్యాబ్‌లో ఆ నీళ్లతో కేఓహెచ్ కలిపితే మజ్జిగలా తెల్లగా విరిగిపోయింది. కాల్షియం, మెగ్నీషియం. అయినా వడకట్టి సెల్‌లో పోసి నడిపాను. మొదటి గంటలో 420 నుంచి 310కి దిగింది. బాపు చెప్పిందే నిజమయ్యేలా ఉందని కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. సాయంత్రానికి 325. మర్నాడు పొద్దున చూస్తే గ్రాఫైట్ కడ్డీ మీద సున్నం పూసినట్టు తెల్ల పొర, రీడింగ్ 390 దాటింది.

ఫోన్ చేసి చెప్పాను. "సున్నం దీసి చూడరాదు?" అన్నాడు.

బాటిల్‌లో ఇంకా లీటరుంపావు ఉంది. మీద లేబుల్ రాసి షెల్ఫ్‌లో పెట్టాను: బోరు నీళ్లు, గోదావరిఖని, జనవరి 16, శుద్ధి చేయనివి.